ఈసారి మా టాక్స్ రిటర్ను మేమే వేసుకున్నాం

పాత రిటర్నులో మేం ఇవ్వని 600 డాలర్ల విరాళం కనిపించడంతో ఇదంతా మొదలైంది.

2025 ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి, బాబు పడుకున్నాక, పాత టాక్స్ రిటర్నులు తెరిచి కూర్చున్నాను. 2024 మార్చిలో మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. ఇల్లు కొన్న ఏడాది టాక్స్ లెక్క మారిపోతుందని ఆఫీసులోనూ గుళ్లోనూ కలిసినవాళ్లంతా చెబుతుంటే, అసలు ఇన్నేళ్లూ మా లెక్క ఎలా వేశారో చూద్దామనిపించింది. 2021 రిటర్నులో ఒక వరుస దగ్గర ఆగిపోయాను. నగదు విరాళాలు, 600 డాలర్లు. ఆ ఏడాది నాకు బాగా గుర్తు. కోవిడ్ భయం, మా ఆయన ప్రాజెక్టు మారడం, నాకింకా ఉద్యోగం లేకపోవడం. ఒక్క విరాళం కూడా ఇవ్వలేదు.

ఆ ఏడాదికి మాత్రం ఒక వెసులుబాటు ఉండేది. స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఖర్చులేవీ చూపకుండా అందరికీ ఇచ్చే తగ్గింపు, తీసుకునేవాళ్లు కూడా, భార్యాభర్తలు కలిసి రిటర్ను వేస్తే, నగదు విరాళాల కింద 600 వరకు తగ్గించుకోవచ్చు. మా రిటర్ను వేసిపెట్టిన ఆయన మమ్మల్ని అడక్కుండానే ఆ గడి నింపేశారు. మర్నాడు ఫోన్ చేసి అడిగితే, "అందరికీ అలాగే పెడతామమ్మా, అంత చిన్నదానికి ఎవరూ అడగరు" అన్నారు.

ఆయన గొంతులో తప్పు చేసిన జంకు ఏమీ లేదు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ రిటర్ను కింద ఉన్నది ఆయన సంతకం ఒక్కటే కాదు, మా ఇద్దరివీ. జాయింట్ రిటర్ను అంటే సగం బాధ్యత మా ఆయనది, సగం నాది అని నేను అనుకుంటూ వచ్చాను. అది నిజం కాదు. మొత్తం లెక్కకు ఇద్దరిలో ప్రతి ఒక్కరూ పూర్తిగా బాధ్యులే. నా ఆదాయం సున్నా ఉన్న ఏడాదైనా, నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితమైనా, అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ రావలసిన పన్నంతా నా దగ్గరే వసూలు చేయవచ్చు. సంతకం బదులు ఐదు అంకెల పిన్ ఒకటి కొట్టడం తప్ప ఆ కాగితంతో నాకు సంబంధం లేదన్నట్టు ఇన్నేళ్లు గడిపాను.

మర్నాడు మా ఆయనతో చెప్పాను. "ఈసారి మనమే వేసుకుందామండీ. ప్రతి అంకె పక్కనా ఒక కాగితం ఉండాలి. కాగితం లేని అంకె ఉండకూడదు."

"నీకు ఓపిక ఉంటే సరే. నేనూ కూర్చుంటాను" అన్నారు. మాట నిలబెట్టుకున్నారు. నాలుగు శనివారాలు పట్టింది.

ముందుగా తేల్చుకోవలసింది స్టాండర్డ్ డిడక్షనా, ఐటమైజ్ చేయడమా అన్నది. 2024కి భార్యాభర్తలు కలిసి వేస్తే స్టాండర్డ్ 29,200 డాలర్లు. ఏ ఖర్చూ చూపక్కర్లేదు, అంత మొత్తం మీద పన్ను పడదు. ఇంటి లోను వడ్డీ, ఇంటి పన్ను, విరాళాలు వంటివన్నీ విడివిడిగా షెడ్యూల్ ఎ అనే ఫారం మీద రాసి కూడితే 29,200 దాటేటట్టయితేనే ఐటమైజ్ చేయడంలో అర్థం ఉంది. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లూ మేం దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు.

విడివిడిగా రిటర్నులు వేసుకుంటే లాభమా అని మా ఆయన ఒకసారి అడిగారు. దాని మీద ఎక్కువసేపు పెట్టలేదు. ఒకరు ఐటమైజ్ చేస్తే రెండోవారూ చేసి తీరాలి. పైగా టెక్సాస్‌లో దంపతుల సంపాదన ఇద్దరిదీగా లెక్క, కాబట్టి విడిగా వేసినా ఆదాయాన్ని సగం సగం పంచి చూపాలి. మాకు దానివల్ల ఒరిగేది లేదు.

భోజనాల బల్ల మీద కాగితాలు పరిచాం. ఇద్దరి డబ్ల్యూ-2లు, అంటే ఉద్యోగమిచ్చినవాళ్లు ఇచ్చే ఏడాది జీతం కాగితాలు, కలిపి 2,11,500 డాలర్లు. ఇక్కడి బ్యాంకు వడ్డీ 1,140. ఇండియాలో ఉన్న ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 1,360. మొత్తం 2,14,000. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా చూపక్కర్లేదని చాలామంది అనుకుంటారు. మన దేశంలో పన్ను లేకపోవడం వేరు, అమెరికాలో పన్ను కట్టే నివాసిగా ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాల్సి రావడం వేరు. దాన్ని వడ్డీలు చూపే షెడ్యూల్ బి మీద రాసి, కింద విదేశీ ఖాతాలున్నాయా అన్న ప్రశ్నకు అవునని గుర్తు పెట్టాం.

ఇంటి లోను దగ్గరికి వచ్చేసరికి అసలు పని మొదలైంది.

ఇల్లు 7,00,000 డాలర్లు. 20 శాతం మేం పెట్టి, 5,60,000 లోను తీసుకున్నాం, 6.75 శాతం వడ్డీకి. నెలకు 3,632 డాలర్ల కిస్తీలో మొదటి నెల వడ్డీయే 3,150. అసలులో తగ్గింది 482. ఆ అంకె చూసినప్పుడల్లా గుండె బరువెక్కేది. ఆ వడ్డీయే ఇప్పుడు రిటర్నులో మాకు ఆసరా అయింది.

లోను ఇచ్చినవాళ్లు సెప్టెంబరులో దాన్ని ఇంకో సంస్థకు అమ్మేశారు. ఇక్కడ అది మామూలే. ఒక ఉత్తరం వస్తుంది, ఇకనుంచి కిస్తీ వీళ్లకు కట్టండి అని. అందువల్ల ఏడాదిలో కట్టిన వడ్డీ ఎంతో చెప్పే ఫారం 1098లు మాకు రెండు వచ్చాయి. మొదటిదాంట్లో వడ్డీ 14,344, రెండోదాంట్లో 12,540. కలిపితే 26,884 డాలర్లు. ఆ రెండు అంకెలనూ రిటర్ను వేసే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, తరవాతి పేజీకి వెళితే, మాకు చూపిన వడ్డీ తగ్గింపు సుమారు 18,000 దగ్గర ఆగింది. దాదాపు మూడో వంతు మాయం.

మా ఆయన కాగితం మీద మళ్లీ కూడారు. నేనూ కూడాను. అంకెలు తప్పు కాదు. గంటసేపు వెతికితే దొరికింది కారణం. 2017 డిసెంబరు 15 తరవాత తీసుకున్న ఇంటి అప్పు అయితే, 7,50,000 డాలర్ల అసలు మీద వడ్డీకి మాత్రమే తగ్గింపు ఉంటుంది. 1098లో రెండో గడిలో బాకీ అసలు ఎంతో రాస్తారు. మొదటి ఫారంలో 5,60,000. రెండో ఫారంలో, ఆ సంస్థ లోను కొనే నాటికి మిగిలిన 5,58,055. మాకున్నది ఒకే అప్పు. సాఫ్ట్‌వేర్ రెండిటినీ కూడి మాకు 11 లక్షల డాలర్లకు పైగా అప్పుందని లెక్కేసి, పరిమితి దాటినంత మేరకు వడ్డీని కోసేసింది.

రెండో ఫారంలో 11వ గడి అని ఒకటుంది. లోనును ఏ తేదీన తమ చేతికి తీసుకున్నారో అందులో ఉంటుంది. అది నిండి ఉందంటే అది కొత్త అప్పు కాదు, పాత అప్పే చేతులు మారింది. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు ఫారాలూ ఒకే లోనువని చెప్పే చోటు ఇంకో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. అక్కడ గుర్తు పెట్టాక 26,884 పూర్తిగా వచ్చింది. లోను చేతులు మారినవాళ్లు దయచేసి ఈ ఒక్కటీ చూసుకోండి. తెర మీద ఎర్ర గుర్తేదీ రాదు. పన్ను ఎక్కువ కట్టి, అంతా సరిగ్గానే ఉందనుకుని నిశ్చింతగా ఉంటాం.

ఆ రాత్రే ఇంకోటి బయటపడింది. వడ్డీ రేటు తగ్గించుకోవడానికి మేం ఒక పాయింటు కొన్నాం, అంటే లోనులో ఒక శాతం, 5,600 డాలర్లు, క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు మా చేతికి వచ్చిన రోజున, ముందుగా కట్టాం. మొదటి 1098లో పాయింట్లకు ఉండే ఆరో గడి ఖాళీ. మా ఆయన క్లోజింగ్ డిస్‌క్లోజర్, ఆ రోజు లెక్కలన్నీ ఉండే కాగితం, తెచ్చి రెండో పేజీ తిప్పారు. అక్కడ స్పష్టంగా ఉంది, లోను మొత్తంలో 1 శాతం, పాయింట్లు, 5,600, కొన్నవారు కట్టినది.

సొంతంగా ఉండే ఇల్లు కొనడానికి తీసుకున్న లోను కాబట్టి, మేం క్లోజింగ్‌కు తెచ్చిన సొంత డబ్బు పాయింట్ల కంటే ఎక్కువే కాబట్టి, ఆ మొత్తాన్ని అదే ఏడాది చూపుకోవచ్చు. అదే లోనును తిరగరాసుకున్నప్పుడు, రీఫైనాన్స్ అంటామే, అప్పుడు కట్టిన పాయింట్లయితే లోను కాలమంతా పరచి ఏటా కొంచెం కొంచెం తీసుకోవాలి. 1098లో రాని పాయింట్లకు షెడ్యూల్ ఎలో 8సి అని వేరే వరుస ఉంది. లోను సంస్థకు ఫోన్ చేసి సరిచేసిన ఫారం ఇవ్వమని అడిగాను. రెండుసార్లు చేశాను. రాలేదు. క్లోజింగ్ కాగితమే ఆధారంగా 8సిలో రాసి, ఆ పేజీ కాపీ ఫైల్లో పెట్టాను.

క్లోజింగ్‌లో కట్టిన మిగతా ఖర్చుల మీద కూడా నాకు ఆశ ఉండేది. టైటిల్ ఇన్సూరెన్సు (యాజమాన్య హక్కుకు బీమా), అప్రైజల్ (ఇంటి విలువ కట్టించడం), ఇంటి ఇన్సూరెన్సు, కాలనీ సంఘానికి కట్టే హెచ్‌ఓఏ. వీటిలో ఒక్కటీ షెడ్యూల్ ఎలోకి రాదు.

తరవాత ఇంటి పన్ను. 2024 బిల్లు 11,712 డాలర్లు. ఇంటి పన్ను కోసం లోను సంస్థ మా డబ్బు పక్కన పెట్టే ఎస్క్రో ఖాతాలోంచి డిసెంబరులో కట్టేశారు, రెండో 1098లో ఆ అంకె అలాగే వచ్చింది. సాఫ్ట్‌వేర్ దాన్ని అలాగే తీసుకుంది. నేనూ అలాగే వదిలేసేదాన్నే. కానీ ప్రతి అంకె పక్కనా కాగితం ఉండాలన్నాను కదా, అందుకని క్లోజింగ్ డిస్‌క్లోజర్ మళ్లీ తీస్తే, అమ్మినవాళ్లు జనవరి 1 నుంచి మార్చి 14 వరకు తమ వాటా ఇంటి పన్నును అంచనా వేసి మాకు జమ చేసినట్టు ఉంది. టెక్సాస్‌లో పన్ను బిల్లు ఏడాది చివర వస్తుంది. అందుకని మధ్యలో ఇల్లు చేతులు మారితే, అమ్మినవాళ్ల రోజుల డబ్బు ముందే ఇచ్చేస్తారు, బిల్లు వచ్చాక కొన్నవాళ్లు మొత్తం కడతారు. చేతిలోంచి 11,712 వెళ్లినట్టు కనిపించినా అందులో కొంత మన డబ్బు కాదు.

ఐఆర్‌ఎస్ నియమం కూడా అదే. అమ్మకం రోజు నుంచి ఉన్న పన్నే కొన్నవాళ్లది. 2024లో 366 రోజులు. రోజుకు సరిగ్గా 32 డాలర్లు. మార్చి 15 నుంచి మా వంతు 292 రోజులు, 9,344. మిగిలిన 74 రోజుల 2,368 అమ్మినవాళ్లది.

"అయినా 10,000 దాటి చూపడానికి లేదు కదా. ఎలాగూ 10,000 అనే పడుతుంది" అన్నారు మా ఆయన.

ఆయన అన్నదీ నిజమే. రాష్ట్రానికీ స్థానిక సంస్థలకూ కట్టే పన్నులన్నీ కలిపి 2024కి 10,000కు మించి చూపకూడదు. 11,712 అని రాసినా 10,000 దగ్గర ఆగుతుంది. కానీ 9,344 అని రాస్తే 10,000 చేరదు. ఆ తేడా 656 ఎక్కడి నుంచి వస్తుంది?

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇలాంటి రాష్ట్రాల వాళ్ల కోసం సేల్స్ టాక్స్ చూపుకునే వీలు పెట్టారు. ఏడాదంతా కిరాణా దుకాణాల రసీదులు దాచక్కర్లేదు. ఆదాయం, ఇంట్లో మనుషుల సంఖ్య, ఊరి పిన్ కోడ్ చెబితే ఐఆర్‌ఎస్ పట్టిక ప్రకారం ఇంత అని వస్తుంది. దానికి తోడు కారు కొంటే దాని మీద కట్టిన సేల్స్ టాక్స్ కూడా కలుపుకోవచ్చు. ఆగస్టులో మేం 36,000 డాలర్ల కారు కొన్నాం. 6.25 శాతం చొప్పున 2,250 కట్టాం, కాగితం ఉంది. కాబట్టి 656 నిండిపోయింది, 10,000 వచ్చింది.

చివరి అంకె మారలేదు. "మరి ఇంత తవ్వడం ఎందుకు?" అని మా అక్క ఫోన్లో అడిగింది. రేపు ఎవరైనా ఉత్తరం రాసి ఈ 10,000 ఎలా వచ్చిందని అడిగితే, నా దగ్గర ఉన్న లెక్క నిజమైన లెక్క అయి ఉండాలి. ఆ 600 చూసిన రాత్రి నుంచి నాకు కావలసింది అదే.

వైద్యం ఖర్చుల మీద సమయం పెట్టలేదు. ఆదాయంలో 7.5 శాతం దాటినదే లెక్కలోకి వస్తుంది. మాకు అది 16,050. బాబు పళ్లకూ మా కళ్లజోళ్లకూ అంతా కలిపి 4,000 కూడా కాలేదు.

విరాళాల దగ్గర మాత్రం మేమిద్దరం ఒకరి మీద ఒకరం గొంతు పెంచుకున్నాం. చెప్పకుండా దాటేయడం ఇష్టం లేదు.

ఇక్కడి మా గుడికి నెలనెలా 51 డాలర్లు బ్యాంకు ఖాతాలోంచి వెళతాయి. ఏడాదికి 612. ఒక్కో విరాళం 250 కంటే తక్కువ కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. శ్రీరామనవమి కల్యాణానికి 1,116 ఇచ్చాం. ఇది 250 దాటింది కాబట్టి గుడి నుంచి ఉత్తరం తప్పనిసరి. ఉత్తరం ఉంది. కానీ అందులో ఉండవలసిన ఒక్క వాక్యం లేదు. ఈ విరాళానికి బదులుగా దాతకు వస్తువులు, సేవలు ఏమీ ఇవ్వలేదు అని, లేదా ఇచ్చింది దైవ సంబంధమైన ప్రయోజనం మాత్రమే అని అందులో రాసి ఉండాలి. కల్యాణంలో పీటల మీద కూర్చుని అక్షతలు వేయించుకున్నాం కాబట్టి మాకు రెండోది కావాలి. ఆ వాక్యం లేని కారణంగా విరాళం మొత్తం చెల్లదనే ప్రమాదం ఉంది. పైగా సరైన ఉత్తరం రిటర్ను వేయకముందే చేతిలో ఉండాలి, తరవాత తెచ్చుకుంటే పనికిరాదు. గుడి ఆఫీసులో పెద్దాయనకు విషయం చెబితే, వారం లోపల కొత్త ఉత్తరం ఇచ్చారు. ఆయన ఆ తరవాత అందరి ఉత్తరాల్లోనూ ఆ వాక్యం చేర్పించారని విని చాలా సంతోషం కలిగింది.

ఒక సేవా సంస్థ విందుకు ఇద్దరికీ కలిపి 500 ఇచ్చాం. అందులో భోజనం విలువ 80 అని వాళ్లే రసీదులో రాశారు, కాబట్టి 420 మాత్రమే విరాళం. బాబుకు పొట్టయిపోయిన బట్టలు మూడు సంచులు ఇచ్చాం. కొన్న ధర కాకుండా, పాత బట్టల దుకాణంలో ఎంతకు పోతాయో ఆ ధర వేశాను. 80 డాలర్లు. మొత్తం 2,228. గృహప్రవేశానికి పూజారిగారి చేతిలో పెట్టిన దక్షిణ ఇందులోకి రాదు. అది ఒక మనిషికి ఇచ్చినది.

అప్పుడు మా ఆయన లోపలికి వెళ్లి ఒక రసీదు తెచ్చారు. భీమవరం దగ్గర వాళ్ల ఊరి రామాలయం పునర్నిర్మాణానికి పంపిన 2,00,000 రూపాయల రసీదు. ఆలయ కమిటీ ముద్ర, మామయ్యగారి చేతిరాత.

"ఇదీ రాయి" అన్నారు.

"ఇది రాదండీ. సంస్థ అమెరికాలో ఏర్పడి ఉండాలి. ఐఆర్‌ఎస్ నియమాల ప్రకారం అర్హత ఉన్నదై ఉండాలి."

"ఆ 1,116 దేవుడికే, ఈ రెండు లక్షలూ దేవుడికే. అది దానం, ఇది కాదా?"

ఆయన కోపం నా మీద కాదని నాకు తెలుసు. ఆ గుళ్లోనే ఆయనకు అక్షరాభ్యాసం అయింది. మామయ్యగారు ఎనభై ఏళ్ల వయసులో ఇటుకల లారీ దగ్గర నిలబడి లెక్క చూసుకున్నారు. మేం ఆ ఏడాది ఇచ్చిన వాటిలో అన్నిటికంటే మనసు పెట్టి ఇచ్చింది అదే. దానికి ఈ కాగితం మీద చోటు లేదు. తిరుమల హుండీలో వేసినదానికీ లేదు. మా అమ్మకు నెలనెలా పంపే మందుల డబ్బుకూ లేదు. ఇండియాలో ఉండే తల్లిదండ్రులను, వాళ్లు అక్కడి నివాసులు కాబట్టి, మనం పోషిస్తున్నా డిపెండెంట్లుగా చూపడానికి వీల్లేదు. ఇంటి పన్నులోనూ అంతే. విజయవాడలో మా అమ్మ ఉండే ఫ్లాటు నా పేరునే ఉంది, పన్ను నేనే కడతాను, కానీ విదేశంలో సొంత ఇంటికి కట్టిన పన్నును 2018 నుంచి తీసుకోనివ్వడం లేదు.

"ఇస్తే తగ్గుతుందని ఇవ్వలేదు కదండీ మనం" అన్నాను. ఆయన రసీదు మడిచి జేబులో పెట్టుకుని కాసేపు బయట నడిచి వచ్చారు. మళ్లీ కూర్చున్నప్పుడు మేం మిగతా పని చాలా నెమ్మదిగా, ఒకరికొకరం అంకెలు చదివి వినిపించుకుంటూ చేశాం.

కూడాం. వడ్డీ 26,884. పాయింట్లు 5,600. పన్నులు 10,000. విరాళాలు 2,228. మొత్తం 44,712. స్టాండర్డ్ 29,200 కంటే 15,512 ఎక్కువ. మేం ఉన్న 22 శాతం మెట్టులో అది సుమారు 3,413 డాలర్లు. బాబుకు ఆ ఏడాది వచ్చిన 2,000 డాలర్ల చైల్డ్ టాక్స్ క్రెడిట్ కూడా పోగా మా పన్ను 25,349 అయింది. ఇద్దరి జీతాల్లోంచి 26,200 ముందే పట్టుకున్నారు. 851 తిరిగి వస్తుంది. ఐటమైజ్ చేయకపోతే మేమే ఇంకా 2,562 కట్టవలసి వచ్చేది.

రిటర్ను ముగిసిందనుకున్నా ఇండియా ఖాతాల పని ఒకటి మిగిలింది. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి. ఇది ఐఆర్‌ఎస్ రిటర్నుతో పాటు వెళ్లదు, ట్రెజరీ శాఖలో ఫిన్‌సెన్ అనే విభాగానికి విడిగా, ఆన్‌లైన్‌లో వేయాలి. గడువు ఏప్రిల్ 15, దాటితే అడక్కుండానే అక్టోబరు 15 వరకు ఇస్తారు. నాకు ఇందులో తట్టనిది ఒకటి, మా అమ్మ పింఛను ఖాతా. నాన్న పోయాక బ్యాంకు పనులకు వీలుగా ఉంటుందని నా పేరు కూడా చేర్చింది. ఆ డబ్బులో ఒక్క రూపాయి నాది కాదు. అయినా జాయింటు ఖాతా కాబట్టి, అందులో ఏడాదిలో ఉన్న అత్యధిక మొత్తం నా ఎఫ్‌బార్‌లో పూర్తిగా రాయాలి. రాయడం వల్ల పన్నేమీ పడదు. రాయకపోతే జరిమానా మాత్రం చాలా పెద్దది. మా ఆయనకు ఆ ఖాతాతో సంబంధం లేదు కనుక ఇద్దరం విడివిడిగా వేశాం. అమ్మకు ఫోన్ చేసి పాస్‌బుక్కు ఫొటోలు పంపమంటే, పక్కింటి అబ్బాయిని పిలిపించి పేజీ పేజీ తీయించి పంపింది.

మార్చి 29న రిటర్ను పంపాం. పంపేముందు కిందటి ఏడాది రిటర్ను ఫారం 1040లో 11వ వరుసలో ఉన్న ఆదాయం అడుగుతుంది, మనమే అని నిర్ధారించుకోవడానికి. అప్పుడు ఇద్దరం చెరో ఐదంకెల పిన్. ఆయన తన పిన్ కొట్టి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. నేను వెంటనే కొట్టలేదు. షెడ్యూల్ ఎ మొదటి వరుస నుంచి మళ్లీ చదివాను. ఏ అంకె ఎక్కడిదో చూడకుండా చెప్పగలిగాను. అప్పుడు కొట్టాను. మర్నాటికి స్వీకరించినట్టు సందేశం వచ్చింది. మూడు వారాల లోపు 851 ఖాతాలో పడింది.

ఆ వారమే 2021 సంగతి కూడా తేల్చాం. 600 మీద 22 శాతం, 132 డాలర్లు. అంత వెనకటి ఏడాదికి సవరణ ఆన్‌లైన్‌లో కుదరలేదు. సవరణ ఫారం 1040-ఎక్స్ ముద్రించి, ఎందుకు మారుస్తున్నామో రెండు వాక్యాల్లో రాసి, ఇద్దరం సిరాతో సంతకాలు పెట్టి, చెక్కు జతచేసి పోస్టులో పంపాం. తరవాత కొద్దిపాటి వడ్డీ కట్టమని ఉత్తరం వస్తే అదీ కట్టాం. "132 డాలర్ల కోసం ఇదంతా చేశావా?" అని అడిగినవాళ్లున్నారు. చేశాను. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడి ఉన్న కుటుంబం మాది, మేం సంతకం పెట్టిన ప్రతి కాగితం నిజం అయి ఉండాలి. వరుసలో లేకపోయినా చేసేదాన్నే అనుకుంటున్నాను.

2025కి నియమాలు కొంత మారాయి. కలిసి వేసేవాళ్ల స్టాండర్డ్ డిడక్షన్ 31,500 అయింది. రాష్ట్ర, స్థానిక పన్నుల పరిమితి మా వంటి ఆదాయం వాళ్లకు 10,000 నుంచి 40,000కు పెరిగింది. అంటే ఇంటి పన్నూ సేల్స్ టాక్సూ ఈసారి పూర్తిగా లెక్కలోకి వస్తాయి. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. జనవరి 1 కిస్తీలో ఉండేది డిసెంబరు నెల వడ్డీయే. దాన్ని డిసెంబరు ముగిసేలోపు కడితే ఆ ఏడాది వడ్డీలోనే పడుతుంది. డిసెంబరు 29న కట్టేశాను.

ఆ రాత్రే కొత్త ఫైలు తెరిచి కవర్ల మీద పేర్లు రాస్తున్నాను. వడ్డీ, ఇంటి పన్ను, గుడి, ఇండియా ఖాతాలు. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఊళ్లో ధ్వజస్తంభం నిలబెట్టారట, మామయ్యగారు ఫొటోతో పాటు ఇంకో రసీదు పంపారు, ఈసారి 50,000 రూపాయలది. నేనేమీ అనకముందే ఆయన పెన్సిలు తీసుకుని రసీదు మూల మీద "లెక్కలోకి రాదు" అని రాసుకున్నారు. ఫొటోనూ రసీదునూ తీసుకెళ్లి దేవుడి గదిలో, పోయినేటి రెండు లక్షల రసీదు పక్కన పెట్టి వచ్చారు.